అన్ని కడుపునొప్పులూ ‘గ్యాసు’ కావు: జీర్ణాశయం మెలిక పడినప్పుడు

తెలుగువారి ఇళ్ళలో కడుపుకు సంబంధించిన ప్రతి బాధకూ ఒకటే పేరు స్థిరపడిపోయింది: ‘గ్యాసు’. ఛాతీలో మంట పుడితే గ్యాసు, భోజనం తరువాత పొట్ట బిగిస్తే గ్యాసు, త్రేన్పులు వస్తే గ్యాసు, రాకపోయినా గ్యాసే. ఈ నిర్ణయం జరిగిన మరుక్షణం వైద్యం కూడా ఇంటిలోనే మొదలవుతుంది. ముందు వాము నీళ్ళు, జీలకర్ర కషాయం, మజ్జిగలో కాస్త ఇంగువ. అవి పనిచేయకపోతే ఒక జెలుసిల్ మాత్ర. అదీ పనిచేయకపోతే గ్లాసు నీళ్ళలో వంటసోడా. చాలా సందర్భాలలో ఈ వైద్యంతోనే, కొన్ని సందర్భాలలో ఏ వైద్యమూ లేకుండానే, బాధ తగ్గిపోతుంది. ఆ పేరు మీద, ఆ వైద్యం మీద తరతరాలుగా నమ్మకం నిలిచి ఉండడానికి కారణం ఇదే.

అయితే కడుపులో కలిగే బాధలన్నీ రసాయనిక కారణాల వల్ల కలిగేవి కావు. వాటిలో కొన్ని కేవలం యాంత్రికమైనవి. ఆమ్లం ఎక్కువైతే క్షారంతో దానిని తటస్థీకరించవచ్చు. కాని జీర్ణాశయమే మెలిక పడితే, ప్రపంచంలోని ఏ క్షారమూ ఆ మెలికను విప్పలేదు. ఆంగ్ల వైద్యులు ‘గ్యాస్ట్రిక్ వాల్వ్యులస్’ అని పిలిచే ఈ వ్యాధి అరుదైనది. అరుదైనది కావడం వల్లనే అది మొదట ఎవరికీ స్ఫురించదు. స్ఫురించేసరికి విలువైన గంటలు గడిచిపోతాయి. వయసు మళ్ళిన తల్లిదండ్రులు ఉన్న ప్రతి కుటుంబానికీ ఈ వ్యాధి లక్షణాలు తెలిసి ఉండాలని, ‘గ్యాసు’ అన్న మాటను ఆసుపత్రి గడప దాటి లోపలికి తీసుకువెళ్ళరాదని వాదించడమే ఈ వ్యాస లక్ష్యం.

రెండు తాళ్ళ మీది ఊయల

పేగు మెలిక పడడమన్న మాట తెలుగు పల్లెలలో కూడా వినిపించేదే. జీర్ణాశయం సైతం మెలిక పడగలదన్న సంగతి మాత్రం చదువుకున్నవారిలోనూ చాలామందికి తెలియదు. ఇది ఎలా సాధ్యమో గ్రహించాలంటే జీర్ణాశయం శరీరంలో ఏ విధంగా అమరి ఉందో ముందుగా తెలుసుకోవాలి.

జీర్ణాశయానికి రెండు ద్వారాలు ఉన్నాయి. పై ద్వారం వద్ద ఆహారవాహిక వచ్చి కలుస్తుంది. కింది ద్వారం నుండి చిన్నపేగు మొదటి భాగమైన ఆంత్రమూలం బయలుదేరుతుంది. ఈ రెండు చోట్లా జీర్ణాశయం దాదాపు కదలకుండా బిగించబడి ఉంటుంది. మధ్య భాగం మాత్రం సంచిలాగా వేలాడుతూ ఉంటుంది. ఖాళీగా ఉన్నప్పుడు పిడికిలి అంత ముడుచుకునే ఈ సంచి, కడుపునిండా భోజనం చేసినప్పుడు లీటరుకు పైగా పదార్థాన్ని పట్టుకోగలదు. అంతగా సాగి ముడుచుకోవలసిన అవయవాన్ని ప్రకృతి గోడకు మేకులతో కొట్టినట్లు బిగించలేదు. కాలేయంతో, ప్లీహంతో, పెద్దపేగుతో, ఛాతీకీ పొట్టకూ మధ్యనున్న విభాజక పటలంతో దానిని కలుపుతూ నాలుగు పలుచని బంధనాలను మాత్రం అమర్చింది.

రెండు కొసలా తాళ్ళతో కట్టిన గుడ్డ ఊయలను ఊహించుకోవచ్చు. పక్కల నుండి పట్టి ఉంచే తాళ్ళు గట్టిగా ఉన్నంతకాలం ఊయల తిరగబడదు. అవి వదులైతే, లేదా ఊయల వేలాడే చోటు పక్కన పెద్ద ఖాళీ ఏర్పడితే, అది తన చుట్టూ తాను తిరగబడవచ్చు. జీర్ణాశయం సగం చుట్టు, అనగా 180 డిగ్రీలకు మించి తిరిగినప్పుడు రెండు ద్వారాలూ నులుముకుని మూసుకుపోతాయి. రెండు కొసలూ మెలిపెట్టిన పిప్పరమెంటు కాగితంలో బిళ్ళ చిక్కుకున్నట్లు లోపలి ఆహారం, ద్రవం, గాలి చిక్కుకుపోతాయి. పైకి వాంతి కాదు, కిందికి దిగదు. ఆ తరువాత వచ్చే ప్రమాదం రక్తప్రసరణకు సంబంధించినది. మెలిక బిగిసినకొద్దీ జీర్ణాశయపు గోడలకు రక్తం అందడం తగ్గుతుంది. అదృష్టవశాత్తు జీర్ణాశయానికి అనేక దిక్కుల నుండి ధమనులు రక్తాన్ని తెస్తాయి కనుక గోడ వెంటనే చచ్చుపడదు. కాని ఆ గడువుకు హద్దు ఉంది. హద్దు దాటితే గోడ కుళ్ళి, చిల్లుపడి, లోపలి పదార్థం పొట్టలోకో ఛాతీలోకో చిందుతుంది.

నూటయాభై ఏళ్ళ పరిచయం

ఈ వ్యాధిని 1866లో ఇటలీ దేశపు వైద్యుడు బెర్తీ ఒక మహిళ శవపరీక్షలో గుర్తించి మొదటిసారిగా వర్ణించాడు. బతికి ఉన్న రోగిలో శస్త్రచికిత్స ద్వారా మెలికను విప్పడం ఆ శతాబ్దపు చివరి దశకంలోగాని సాధ్యం కాలేదు. 1904లో జర్మన్ శస్త్రవైద్యుడు మోరిత్స్ బోర్ఖార్ట్ ఈ వ్యాధిని పట్టి ఇచ్చే మూడు లక్షణాలను ఒకచోట చేర్చి చెప్పాడు. 1918లో జరిగిన హత్యాప్రయత్నంలో లెనిన్ శరీరంలో ఉండిపోయిన తూటాను 1922లో మాస్కో వెళ్ళి తీసిన వైద్యుడు ఈయనే. అయితే వైద్య విద్యార్థులు ఆయన పేరును నేటికీ తలచుకునేది లెనిన్ తూటా వల్ల కాదు, ఆ మూడు లక్షణాల వల్లనే.

మొదటిది: పొట్ట పైభాగంలో అకస్మాత్తుగా తీవ్రమైన నొప్పి, ఉబ్బరం. రెండవది: వాంతి వస్తున్నట్లు పదేపదే ఓకరింతలు వచ్చినా ఏమీ బయటపడకపోవడం. మూడవది: ముక్కుగుండా జీర్ణాశయంలోకి వేసే గొట్టం లోపలికి దిగకపోవడం. వీటిలో మూడవదానిని పరీక్షించగలవారు వైద్యులే. మొదటి రెండింటిని మాత్రం ఇంటిలో ఉన్న ఎవరైనా గమనించగలరు. ఒక తీవ్రమైన వ్యాధికి మూడు ప్రధాన లక్షణాలుండగా, అందులో రెండు ఏ పరికరమూ లేకుండా సామాన్యుడి కంటికి కనిపించేవి కావడం అరుదైన సౌకర్యం. ఆ సౌకర్యాన్ని వినియోగించుకోకపోవడమే విచారకరం.

మెలికలో రకాలు, వాటికి కారణాలు

1940లో సింగిల్టన్ అనే వైద్యుడు ఈ మెలికలను వర్గీకరించాడు. మొదటి రకంలో పై ద్వారాన్నీ కింది ద్వారాన్నీ కలిపే గీత ఇరుసుగా పనిచేస్తుంది. కింద వేలాడవలసిన పెద్ద వంపు ఆ ఇరుసు చుట్టూ తిరిగి పైకి లేస్తుంది. సుమారు 60 శాతం రోగులలో కనిపించేది ఇదే. రక్తప్రసరణ ఆగిపోయే ప్రమాదం ఎక్కువగా ఉన్నదీ ఇదే. రెండవ రకంలో ఇరుసు అడ్డంగా ఉంటుంది. జీర్ణాశయం పుస్తకంలాగా మడతపడి, కింది ద్వారం లేచి పై ద్వారం ముందుకు వస్తుంది. సుమారు 30 శాతం రోగులలో కనిపించే ఈ రకం తరచుగా అసంపూర్ణంగా ఉండి, వచ్చి పోతూ రోగిని ఏళ్ళ తరబడి వేధిస్తుంది. మిగిలిన కొద్దిమందిలో రెండూ కలిసి ఉంటాయి.

కారణాల విషయానికి వస్తే, దాదాపు మూడింట ఒక వంతు రోగులలో బంధనాలు వదులు కావడమే కారణం. మిగిలినవారిలో మరొక లోపం ముందుగా ఏర్పడి ఉంటుంది. వాటిలో ముఖ్యమైనది విభాజక పటలంలోని లోపం. ఆహారవాహిక ఛాతీ నుండి పొట్టలోకి దిగేందుకు ఈ పటలంలో ఒక రంధ్రం ఉంటుంది. వయసుతో పాటు కండరం బలహీనపడడం, స్థూలకాయం, ఏళ్ళ తరబడి ఉన్న దగ్గు, మలబద్ధకం, వెన్ను వంగి గూని రావడం వంటి కారణాల వల్ల ఈ రంధ్రం వెడల్పవుతుంది. అప్పుడు జీర్ణాశయం కొంతగా ఛాతీలోకి ఎగబాకుతుంది. దీనినే హయాటస్ హెర్నియా అంటారు.

ఇక్కడ ఒక తేడాను స్పష్టంగా గుర్తించాలి. ఎండోస్కోపి పరీక్ష చేయించుకున్న అనేకమంది నివేదికలలో ‘హయాటస్ హెర్నియా’ అన్న మాట కనిపిస్తుంది. అందులో 90 శాతానికి పైగా ‘జారుడు’ రకానికి చెందినవి. వీటిలో ఆహారవాహికా, జీర్ణాశయమూ కలిసే చోటు కొద్దిగా పైకి జారుతుంది. దీనివల్ల పులితేన్పులు, ఛాతీలో మంట రావచ్చునేగాని మెలిక పడే ప్రమాదం దాదాపు లేనట్లే. మిగిలిన కొద్దిపాటి హెర్నియాలలో జీర్ణాశయపు పై భాగం ఆహారవాహిక పక్కనుండి ఛాతీలోకి దొర్లుకుంటూ వెళుతుంది. వీటిని ‘పేరాఈసోఫేజియల్’ హెర్నియాలంటారు. ఇవి క్రమంగా పెరిగి, ఒక్కొక్కప్పుడు జీర్ణాశయం మొత్తం గుండె వెనుకకు చేరి తలకిందులుగా నిలుస్తుంది. మెలికకు అనువైన పరిస్థితి ఇదే. కనుక నివేదికలో హెర్నియా అన్న పదం కనిపించినప్పుడు భయపడి కూర్చోవడమూ తగదు, కాగితాన్ని బీరువాలో పెట్టి మరచిపోవడమూ తగదు. అది ఏ రకమో, ఎంత పెద్దదో వైద్యుని అడిగి తెలుసుకోవాలి.

ఇతర కారణాలు కూడా ఉన్నాయి. కారు ప్రమాదంలో పొట్టకు బలమైన దెబ్బ తగిలినప్పుడు విభాజక పటలం చిరగవచ్చు. కుడివైపున కాలేయం అడ్డుగా ఉంటుంది కనుక ఈ చిరుగు ఎడమవైపున ఎక్కువగా కనిపిస్తుంది. ఆనాడు గుర్తించకపోతే, ఎన్నో ఏళ్ళ తరువాత జీర్ణాశయం ఆ సందులోనుండి పైకి వెళ్ళి మెలిక పడవచ్చు. విభాజక పటలాన్ని కదిలించే నాడి దెబ్బతినడం, ప్లీహం స్థానం తప్పడం, పాత శస్త్రచికిత్సల వల్ల ఏర్పడిన అతుకులు కూడా ఇందుకు దారితీస్తాయి. ఈ వ్యాధి ప్రధానంగా 50 ఏళ్ళు దాటినవారిదే అయినా, 10 నుండి 20 శాతం వరకు రోగులు పిల్లలు. వారిలో అధికసంఖ్యాకులు ఏడాది నిండని శిశువులు. పుట్టుకతోనే పటలంలో ఉన్న లోపం అందుకు ముఖ్య కారణం. పసిబిడ్డ పొట్ట ఉబ్బితే ఆముదం రాసి, వెచ్చజేసిన తమలపాకు వేయడం అమ్మమ్మల నాటి అలవాటు. అందులో హాని లేదు. కాని బిడ్డ పదేపదే ఓకరిస్తూ, శ్వాసకు ఇబ్బంది పడుతూ, రంగు మారుతున్నప్పుడు తమలపాకుతో కాలయాపన చేయరాదు.

వంటసోడా చేసే పని

ఇంటి వైద్యం ఈ వ్యాధిలో ఎందుకు పనిచేయదో, ఒక్కొక్కప్పుడు ఎందుకు హాని చేస్తుందో రసాయన శాస్త్రం సులభంగా చెప్పగలదు. జీర్ణాశయంలో ఊరేది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. జెలుసిల్, డైజీన్ వంటి మందులలో ఉండే అల్యూమినియం, మెగ్నీషియం హైడ్రాక్సైడులు ఈ ఆమ్లంతో కలిసి లవణాన్నీ నీటినీ ఇస్తాయి. ఆమ్లం తగ్గుతుంది, మంట చల్లారుతుంది. ఈ మందులలోనే ఉండే సిమెథికోన్ ద్రవపు తలతన్యతను తగ్గిస్తుంది. చిన్న చిన్న బుడగలు కలిసిపోయి పెద్దవై, త్రేన్పుగా బయటపడేందుకు అనువవుతాయి. ఒమెప్రజోల్ వంటి మందులు మరొక అడుగు ముందుకు వేసి, ఆమ్లాన్ని ఉత్పత్తి చేసే కణాలలోని పంపునే ఆపివేస్తాయి. ఇవన్నీ తమ తమ పనులలో మేలైన మందులే. కాని వీటన్నిటికీ ఒక షరతు ఉంది: జీర్ణాశయపు ద్వారాలు తెరుచుకుని ఉండాలి. రెండు తలుపులూ మూసుకుపోయిన గదిలో పెద్ద బుడగకైనా, చిన్న బుడగకైనా బయటికి దారి లేదు.

వంటసోడా సంగతి ఇంకా ఆలోచించదగినది. సోడియం బైకార్బనేట్ ఆమ్లంతో కలిస్తే కార్బన్ డయాక్సైడ్, పాత పుస్తకాలలోని బొగ్గుపులుసు వాయువు, వెలువడుతుంది. 1 గ్రాము వంటసోడా పూర్తిగా ఆమ్లంతో చర్య జరిపితే శరీర ఉష్ణోగ్రత వద్ద సుమారు 300 మిల్లీలీటర్ల వాయువు వస్తుంది. ఒక టీ చెంచాలో పట్టేది 4, 5 గ్రాములు. తగినంత ఆమ్లం ఉంటే దాని నుండి లీటరుకు పైగా వాయువు పుట్టగలదు. ఆరోగ్యవంతుడు ఒక పెద్ద త్రేన్పుతో దానిని వదిలించుకుని, ‘హమ్మయ్య, గ్యాసు పోయింది’ అనుకుంటాడు. నిజానికి ఆ వాయువులో అధిక భాగం అంతకుముందు లేనిది, సోడా పుట్టించినది. అదే మోతాదు మెలిక పడిన జీర్ణాశయంలో చేరితే, అప్పటికే బిగిసి ఉన్న గోడల మీద ఒత్తిడి మరింత పెరుగుతుంది. విపరీతంగా భోజనం చేసి వంటసోడా తాగినవారిలో, మెలిక లేకపోయినా, జీర్ణాశయం చిట్లిన సంఘటనలు వైద్య పత్రికలలో నమోదై ఉన్నాయి. తీవ్రమైన పొట్టనొప్పితో, ఓకరింతలతో ఉన్న మనిషికి వంటసోడా నీళ్ళు పట్టడం మానుకోవలసిన అలవాటు.

వ్యాధి నిర్ధారణ

తీవ్రమైన మెలికలో రోగి పరిస్థితి గంటలలో మారిపోతుంది. దీర్ఘకాలిక మెలికలో అలా కాదు. కాస్త తినగానే కడుపు నిండినట్లుండడం, భోజనానంతరం ఛాతీలో బరువు, ఆయాసం, వాంతి అయితేగాని తగ్గని నొప్పి, కారణం తెలియని రక్తహీనత, ఇవి నెలల తరబడి, ఏళ్ళ తరబడి వచ్చిపోతూ ఉంటాయి. పెద్ద హెర్నియాలలో పటలపు అంచు ఒరుసుకుని జీర్ణాశయపు లోపలి పొర పుండై, కొద్దికొద్దిగా రక్తం కారడం రక్తహీనతకు ఒక కారణం. ఇటువంటివారే ‘గ్యాసు మనిషి’ అని ఇంటిలో పేరు పడి, మాత్రల సీసాతో కాలం గడుపుతుంటారు.

జీర్ణాశయం ఛాతీలోకి వెళ్ళి మెలిక పడినప్పుడు మరొక చిక్కు ఎదురవుతుంది. పొట్ట నొక్కి చూస్తే మెత్తగానే ఉండవచ్చు. నొప్పి ఛాతీలోకి, భుజంలోకి పాకి గుండెపోటును తలపించవచ్చు. నిజానికి వృద్ధులలో ఇటువంటి నొప్పికి గుండెపోటు ఎంతో తరచైన కారణం. కనుక వైద్యులు ముందుగా గుండె పరీక్ష చేయడం సరైన పద్ధతే. గుండె బాగానే ఉందని తేలిన తరువాత కూడా నొప్పి, ఓకరింతలు ఆగకపోతే, కారణం వెదకడం ఆపరాదు. మామూలు ఛాతీ ఎక్స్-రేలో గుండె నీడ వెనుక గాలి, ద్రవం నిలిచిన బుడగ కనిపించడం ఒక ముఖ్యమైన ఆధారం. సి.టి. స్కాన్ మెలికను, హెర్నియాను, గోడకు రక్తం అందుతున్నదీ లేనిదీ కొద్ది నిమిషాలలో చూపగలదు. దీర్ఘకాలిక రోగులలో బేరియం ద్రవం తాగించి తీసే ఎక్స్-రేలు నేటికీ ఉపయోగపడతాయి. జీర్ణాశయానికి చిల్లు పడిందన్న అనుమానం ఉంటే బేరియంకు బదులు నీటిలో కరిగే ద్రవాన్ని వాడతారు.

చికిత్స

చికిత్సలో మొదటి మెట్టు రోగిని నిలబెట్టడం. నరం ద్వారా ద్రవాలు ఎక్కించడం, లవణాల సమతౌల్యాన్ని సరిదిద్దడం, ముక్కుగుండా గొట్టం వేసి జీర్ణాశయంలోని గాలినీ ద్రవాన్నీ తీసివేయడం ఇందులో ముఖ్యం. గొట్టం సులభంగా దిగితే ఒత్తిడి తగ్గి రోగికి వెంటనే ఉపశమనం కలుగుతుంది. మెలిక కొంత సడలవచ్చు. దిగకపోతే బలవంతం చేయరు, ఎందుకంటే బలహీనపడిన గోడకు చిల్లుపడే ప్రమాదం ఉంది.

రెండవ మెట్టు మెలికను విప్పడం. గోడ చచ్చుపడిన సూచనలు లేనప్పుడు కొందరిలో ఎండోస్కోపి గొట్టాన్ని నేర్పుగా తిప్పి మెలికను విప్పవచ్చు. గోడకు రక్తం అందడం లేదని అనుమానం ఉంటే తక్షణ శస్త్రచికిత్స తప్ప మార్గం లేదు. శస్త్రవైద్యుడు జీర్ణాశయాన్ని ఛాతీ నుండి కిందికి దించి, మెలిక విప్పి, గోడ రంగును పరీక్షిస్తాడు. చచ్చుపడిన భాగం ఉంటే తొలగిస్తాడు.

మూడవ మెట్టును నిర్లక్ష్యం చేస్తే మొదటి రెండూ వృథా అవుతాయి. మెలికను విప్పినంతమాత్రాన కారణం పోదు. ఊయల తాళ్ళు వదులుగానే ఉన్నాయి, పటలంలోని రంధ్రం తెరిచే ఉంది. కనుక హెర్నియా సంచిని తొలగించి, రంధ్రాన్ని కుట్టి, అవసరమైతే జీర్ణాశయాన్ని పొట్ట గోడకు కుట్టి స్థిరపరుస్తారు. ఈ చివరి పనికి ‘గ్యాస్ట్రోపెక్సి’ అని పేరు. 1990ల నుండి ఈ శస్త్రచికిత్సలను పొట్ట కోయకుండా చిన్న రంధ్రాల ద్వారా, లాపరోస్కోపి పద్ధతిలో చేయడం వ్యాప్తిలోకి వచ్చింది. పెద్ద శస్త్రచికిత్సను తట్టుకోలేని వృద్ధులలో ఎండోస్కోపి సాయంతో పొట్ట గోడగుండా ఒకటి రెండు గొట్టాలు అమర్చి జీర్ణాశయాన్ని కదలకుండా నిలిపే ఉపాయం కూడా ఉంది. తీవ్రమైన మెలికలో మరణాలు పాత నివేదికల ప్రకారం 30 నుండి 50 శాతం వరకు ఉండేవి. త్వరిత నిర్ధారణ, మెరుగైన చికిత్సల వల్ల ఇటీవలి నివేదికలలో అవి 15 నుండి 20 శాతానికి తగ్గాయి. ఈ తగ్గుదలలో శస్త్రవైద్యుని నైపుణ్యంతో పాటు, రోగి ఎంత త్వరగా ఆసుపత్రికి చేరాడన్న దానికీ భాగం ఉంది.

ముందే ఆపరేషన్ చేయించుకోవాలా?

పెద్ద హెర్నియా ఉన్నదని తెలిసినప్పుడు, మెలిక పడకముందే శస్త్రచికిత్స చేయించుకోవాలా అన్నది వైద్యులలో చాలాకాలం చర్చకు వచ్చిన ప్రశ్న. 1967లో స్కిన్నర్, బెల్సీ అనే శస్త్రవైద్యులు ప్రకటించిన వ్యాసంలో, బాధలు స్వల్పంగా ఉన్నాయని శస్త్రచికిత్స చేయకుండా వదిలిన 21 మందిలో 6గురు ఈ హెర్నియా చిక్కుల వల్లనే మరణించారు. దానితో, కనిపించిన ప్రతి పేరాఈసోఫేజియల్ హెర్నియానూ సరిచేయాలన్న నియమం స్థిరపడింది. 2002లో స్టైలోపోలస్, ఆయన సహచరులు ఈ లెక్కను మళ్ళీ వేశారు. బాధలు లేనివారిలో, స్వల్పంగా ఉన్నవారిలో అత్యవసర శస్త్రచికిత్స అవసరమయ్యే అవకాశం ఏడాదికి సుమారు 1.1 శాతం మాత్రమేనని, అటువంటివారిని గమనిస్తూ వేచి ఉండడం ఉచితమని వారు తేల్చారు.

ఈ రెండవ అభిప్రాయం సమంజసమైనదే. కాని అందులో ‘గమనిస్తూ’ అన్న మాట బరువైనది. ఆసుపత్రిలో గమనించేవారు ఉంటారు. ఇంటిలో గమనించవలసినది కుటుంబమే. ఏ లక్షణం కనిపిస్తే పరుగెత్తాలో కుటుంబానికి చెప్పకుండా, వేచి ఉండమని మాత్రం చెప్పడం సగం వైద్యం. భోజనానంతరపు నొప్పి, వాంతులు, ఆయాసం, రక్తహీనత వంటి బాధలు ఉన్నవారి విషయం వేరు. వారు శస్త్రవైద్యుని సంప్రదించి, ఆరోగ్యం బాగున్న రోజులలోనే సరిచేయించుకోవడం మేలు. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాలలో లాపరోస్కోపి శస్త్రచికిత్స నేడు అందుబాటులోనే ఉంది. ఆరు నెలల కోసం పిల్లల దగ్గరికి అమెరికా ప్రయాణమయ్యే పెద్దలు ఈ విషయాన్ని విమానం ఎక్కకముందే తేల్చుకోవడం, పాత ఎండోస్కోపి, స్కాన్ నివేదికలను ఊరగాయ జాడీలతో పాటు పెట్టెలో సర్దుకోవడం శ్రేయస్కరం.

అనువాదంలో పోయే ప్రాణం

అమెరికాలోని తెలుగు కుటుంబాలకు ఈ వ్యాధి విషయంలో ఒక ప్రత్యేకమైన ప్రమాదం ఉంది. అది భాషకు సంబంధించినది. తెలుగులో ‘గ్యాసు’ అంటే గుండెల్లో మంట నుండి పొట్ట పైభాగపు తీవ్రమైన నొప్పి వరకు అన్నీ ఇమిడి ఉన్నాయి. ఆంగ్లంలో అదే మాటకు అపానవాయువు, స్వల్పమైన కడుపుబ్బరం అన్న అర్థాలు మాత్రమే స్ఫురిస్తాయి. అమ్మమ్మ ‘గ్యాసు పట్టేసిందిరా’ అంటుంది. అమెరికాలో పుట్టి పెరిగిన మనవడు ఆ మాటను యథాతథంగా నర్సుకు అందిస్తాడు. ఆ ఒక్క మాటతో ఆమె వరుసలో చివరకు వెళ్ళిపోవచ్చు. చెప్పవలసినది రోగం పేరు కాదు, రోగి పడుతున్న బాధ: నొప్పి ఎప్పుడు మొదలైంది, ఎక్కడ ఉంది, ఓకరింతలు వస్తున్నా వాంతి అవుతున్నదా లేదా, చివరిసారి ఏమి తిన్నారు, హెర్నియా ఉన్నదని ఎప్పుడైనా ఎవరైనా చెప్పారా. సమాఖ్య ప్రభుత్వ నిధులు పొందే ఆసుపత్రులలో రోగి దుబాసీని కోరవచ్చు. అందుకు రుసుము ఉండదు. పెద్దలు మనవల ముందు చెప్పుకోలేని సంగతులు దుబాసీకి చెప్పగలరు.

రెండవ అడ్డంకి డబ్బు. సందర్శకులుగా వచ్చిన తల్లిదండ్రులకు ఉండే భీమా పరిమితమైనది. పాత జబ్బులకు అది వర్తించకపోవడమూ కద్దు. పిల్లలకు భారమవుతుందన్న జంకుతో పెద్దలు నొప్పిని రాత్రంతా దిగమింగుతారు. ‘తెల్లవారితే తగ్గుతుందిలే’ అంటారు. 1986లో అమెరికా కాంగ్రెస్ చేసిన చట్టం ప్రకారం, మెడికేర్ పథకంలో పాల్గొనే ఆసుపత్రుల అత్యవసర విభాగాలు తమ వద్దకు వచ్చిన రోగిని, డబ్బు చెల్లించగలిగినా లేకపోయినా, పరీక్షించి, ప్రమాదస్థితి నుండి గట్టెక్కించవలసి ఉంటుంది. బిల్లు తరువాత రాక తప్పదు. దానిని వాయిదాలలో చెల్లించడానికి, తగ్గించమని కోరడానికి మార్గాలు ఉంటాయి. చచ్చుపడిన జీర్ణాశయానికి వాయిదాలు లేవు. పైగా మొదటి కొద్ది గంటలలో గొట్టంతోనో, ఎండోస్కోపితోనో ఉపశమించగల వ్యాధి, ఆలస్యమైతే జీర్ణాశయాన్ని తొలగించే పెద్ద శస్త్రచికిత్సగా, వారాల తరబడి ఆసుపత్రి వాసంగా మారుతుంది. ఖర్చు దృష్టితో చూసినా ఆలస్యం లాభసాటి కాదు.

ఇంత అరుదైన వ్యాధి గురించి సామాన్యులను కలవరపెట్టడం అవసరమా అని విజ్ఞులు అడగవచ్చు. ప్రశ్న సబబైనదే. ప్రతి త్రేన్పుకూ 911కు ఫోను చేయమని ఎవరూ చెప్పరు. అయితే పొట్ట పైభాగంలో హఠాత్తుగా వచ్చి తగ్గని నొప్పి, ఉబ్బరం, ఫలితం లేని ఓకరింతలు, ఇవి మెలికకు కాకపోతే గుండెపోటుకో, క్లోమగ్రంథి వాపుకో, పేగు అడ్డుపడడానికో సూచనలు కావచ్చు. అవన్నీ కూడా ఆసుపత్రిలో తేలవలసినవే. కనుక ఈ లక్షణాలు నేర్చుకున్న కుటుంబం, మెలికను జీవితంలో ఒక్కసారి చూడకపోయినా, నష్టపోయేది ఏమీ లేదు.

ఈ సందర్భంలో అమెరికాలో కుక్కలను పెంచేవారి జాగ్రత్తను గమనించడం ఉచితం. గ్రేట్ డేన్, జర్మన్ షెపర్డ్ వంటి లోతైన ఛాతీ గల జాతి కుక్కలలో జీర్ణాశయం గాలితో ఉబ్బి మెలిక పడడం తరచుగా జరిగేదే. అందుచేత ఆ జాతుల కుక్కలను తెచ్చుకునేవారికి పశువైద్యులు ఒక హెచ్చరిక చేస్తారు: కుక్క పొట్ట ఉబ్బి, ఓకరిస్తూ, ఏమీ కక్కలేకపోతే క్షణం ఆలస్యం చేయరాదు. మెలిక పడకుండా ముందుగానే జీర్ణాశయాన్ని పొట్ట గోడకు కుట్టించేవారూ ఉన్నారు. బోర్ఖార్ట్ మనుషుల కోసం చెప్పిన లక్షణాలను కుక్కల యజమానులు కంఠస్థం చేశారు. అవే లక్షణాలను అత్తమామలను, అమ్మానాన్నలను కళ్ళలో పెట్టుకుని చూసుకునే కుటుంబాలు నేర్చుకోవడానికి పట్టే సమయం ఐదు నిమిషాలకు మించదు. వామునూ, ఇంగువనూ వంటింట్లో యథాస్థానంలోనే ఉంచుకోవచ్చు. తగ్గని నొప్పి, ఫలితం లేని ఓకరింతలు కలిసి కనిపించిన నాడు మాత్రం వంటింటి వైపు కాక, కారు తాళాల వైపో, టెలిఫోను వైపో చేయి చాచాలి.